బోర్డు మారిస్తే మెమొరీ పారెయ్యాలా?

"బోర్డు మార్చారంటే ర్యామ్ కూడా మార్చాల్సిందే." మన ఊళ్ళలోని కంప్యూటరు దుకాణాల్లో వేదవాక్కులా చెలామణీ అవుతున్న మాట ఇది. అమ్మేవాడు చెబుతాడు, కొనేవాడు తల ఊపుతాడు. ఇంజనీరింగు చదివినవారు సైతం ఎదురుప్రశ్న వెయ్యరు. ఈ మాట పూర్తిగా అబద్ధమైతే దీన్ని ఖండించడం తేలిక. కానీ ఇది సగం నిజం. సగం నిజంతో వచ్చిన చిక్కేమిటంటే, నిజమైన సగాన్ని ముందు చూపించి, దాని వెనక అబద్ధపు సగాన్ని కూడా అంటగట్టవచ్చు. ఈ రెండు సగాల్నీ విడదీసి చూపడమే ఇక్కడ నా ఉద్దేశం.

నా ప్రతిపాదన ఇది: ప్రాసెసరునీ, మదర్‌బోర్డునీ మార్చేటప్పుడు పాత మెమొరీని పారవేయడం ప్రకృతి నియమమేమీ కాదు. అది కొనేవాడు స్వయంగా తీసుకోవలసిన నిర్ణయం. చాలా సందర్భాల్లో, ముఖ్యంగా ఇప్పటి పరిస్థితుల్లో, ఉన్న మెమొరీని ఉంచుకొని దానికి తగిన బోర్డుని వెతుక్కోవడమే వివేకం. ఆ నిర్ణయాధికారాన్ని మన చేతిలోంచి మెల్లగా లాగేసుకుంటున్నారు. దాన్ని మనం ఎవరికీ అప్పగించనక్కరలేదు.

మన పెద్దలు పాత పెంకుటింటిని విప్పి డాబా కట్టుకున్నప్పుడు ఏం చేశారో ఒకసారి గుర్తుచేసుకోండి. టేకు దూలాలు, ద్వారబంధాలు, తలుపులు, చివరికి ఇత్తడి గొళ్ళేలు సైతం జాగ్రత్తగా విప్పించి ఒక పక్కన పెట్టించారు. కొత్త ఇంటికి ముగ్గు పోసే మేస్త్రీతో ముందే చెప్పారు, "ఈ సింహద్వారం పట్టేలా గోడ లేపవయ్యా" అని. తలుపు కొలతని బట్టి గోడ లేచిందే తప్ప, గోడ కొత్తది కదా అని తలుపుని పొయ్యిలో పెట్టలేదు. అదే మనుషుల పిల్లలం, మనుమలం కంప్యూటరు విషయానికి వచ్చేసరికి గోడ కట్టేవాడి మాట విని నిక్షేపంలాంటి తలుపుని పాతసామాన్లవాడి బండిలో వేస్తున్నాం.

*

ముందు నిజమైన సగాన్ని నిజాయితీగా ఒప్పుకొందాం.

ఏ తరం ర్యామ్ ఆ తరం స్లాటులోనే పడుతుంది. పాత ఎస్‌డీర్యామ్ ముక్కకి 168 పిన్నులు. 2000లో ప్రమాణీకరించిన డీడీఆర్‌కి 184. 2003 నాటి డీడీఆర్‌2కీ, 2007 నాటి డీడీఆర్‌3కీ 240 చొప్పున. 2012 నాటి డీడీఆర్‌4కీ, 2020 నాటి డీడీఆర్‌5కీ 288 చొప్పున. పిన్నుల సంఖ్య ఒకటే అయినచోట కూడా ముక్క అడుగున ఉండే గాటు ఒకే స్థానంలో ఉండదు. ఒక తరం ముక్కని మరో తరం స్లాటులో బలవంతంగా దూర్చకుండా ఆ గాటే కాపలా కాస్తుంది. ఆ కాపలా అవసరం కూడా. ఎందుకంటే విద్యుత్తు వేరు. డీడీఆర్ 2.5 వోల్టుల మీద నడిచేది. ఆ తరువాతి తరాలు వరుసగా 1.8, 1.5, 1.2, 1.1 వోల్టులకి దిగాయి. డీడీఆర్‌5లోనైతే విద్యుత్తుని క్రమబద్ధం చేసే చిప్పు బోర్డు మీద నుంచి మెమొరీ ముక్క మీదికే వచ్చి కూర్చుంది. కాబట్టి డీడీఆర్‌4 ముక్కని డీడీఆర్‌5 బోర్డులో వాడడం అసాధ్యం. ఇందులో దుకాణదారుడి మోసమేమీ లేదు. ఈ మార్పులన్నీ కేవలం వ్యాపారపు ఎత్తుగడలని నేననను. ప్రతి తరంలోనూ వేగం పెరిగింది, కరెంటు ఖర్చు తగ్గింది. అది ఇంజనీర్ల ఘనత. వారికి నమస్కారం.

ఇక అబద్ధపు సగం. "ఈ ముక్క ఆ బోర్డుకి పట్టదు" అన్న వాక్యానికీ, "ఈ ముక్క ఇక ఏ కొత్త బోర్డుకీ పట్టదు" అన్న వాక్యానికీ మధ్య ఎంత దూరమున్నదో ఆలోచించండి. మొదటిది సాంకేతిక సత్యం. రెండోది అమ్మకపు మాట. మొదటిదాని నోట రెండోదాన్ని పలికించడమే ఈ వ్యాపారంలోని కిటుకు.

చరిత్ర చూడండి. ఒక తరం పోయి ఇంకో తరం వచ్చిన ప్రతిసారీ రెంటికీ నడుమ ఒక వంతెన ఉన్నది. 2001లో ఈసీఎస్ కంపెనీ తెచ్చిన కే7ఎస్5ఏ అనే చవక బోర్డు మీద ఎస్‌డీర్యామ్‌కి రెండు స్లాట్లు, డీడీఆర్‌కి రెండు స్లాట్లు పక్కపక్కనే ఉండేవి. రెంటినీ ఏకకాలంలో వాడడం కుదరదు గానీ, ఇవాళ పాతదాన్ని పెట్టుకొని, డబ్బు సమకూరాక కొత్తదానికి మారవచ్చు. మధ్యతరగతివాడి బ్రతుకు తెలిసినవాడెవడో చేసిన బోర్డు అది. 2009లో ఏఎండీ విడుదల చేసిన ఏఎం3 తరగతి ఫెనామ్ 2 ప్రాసెసర్లకి డీడీఆర్‌2, డీడీఆర్‌3 రెండూ తెలుసు. వాటిని అంతకుముందు తరపు ఏఎం2+ బోర్డులో పెట్టి పాత డీడీఆర్‌2తోనే నడుపుకొన్నవారెందరో ఉన్నారు. 2015 నాటి ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లు డీడీఆర్‌4తో పాటు తక్కువ వోల్టేజి డీడీఆర్‌3ఎల్‌ని కూడా అంగీకరించాయి. ఇక 2021 చివర వచ్చిన ఇంటెల్ పన్నెండో తరంతో మొదలుపెట్టి పదమూడు, పద్నాలుగు తరాల డెస్కుటాపు ప్రాసెసర్లదాకా అన్నీ డీడీఆర్‌4, డీడీఆర్‌5 రెంటికీ సిద్ధమైనవే. వాటిలో ఏది నడవాలో నిర్ణయించేది ప్రాసెసరు కాదు, మీరు ఎంచుకొనే బోర్డు. ఒకే పేరుగల బోర్డు ఒక రకంలో డీడీఆర్‌4 స్లాట్లతోనూ, మరో రకంలో డీడీఆర్‌5 స్లాట్లతోనూ వచ్చిన సందర్భాలు కోకొల్లలు.

అంటే వంతెన ఉన్నది. దాని మీద దీపం పెట్టేవాడే లేడు.

*

ఇదంతా ఇప్పుడెందుకంటారా? కారణాలు రెండు. రెండూ ఒకే సమయంలో వచ్చిపడ్డాయి.

ఒకటి. విండోస్ 10కి మైక్రోసాఫ్టు ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో, ఒకటీ అరా మినహాయింపులు పోగా, ఎనిమిదో తరం లేదా అంతకన్న కొత్త ప్రాసెసరు ఉండాలి. అంటే 2015 నుంచి 2017 దాకా కొన్న ఆరో, ఏడో తరం యంత్రాలన్నీ ఒక్క సంతకంతో వృద్ధాశ్రమానికి వెళ్ళాయి. వాటిలో చాలావాటిలో ఉన్నది డీడీఆర్‌4. అనగా, కాలం చెల్లిందని చెబుతున్నది ప్రాసెసరుకి, బోర్డుకి. మెమొరీకి కాదు. ఆ మెమొరీ అదే డీడీఆర్‌4 బోర్డుతో పద్నాలుగో తరం ప్రాసెసరుకి సైతం సేవ చెయ్యగలదు. (లినక్సు వేసుకుంటే ఈ మార్పులేవీ అక్కరలేదని కొందరు మిత్రులు అనబోతున్నారని తెలుసు. వారి మాట నిజమే. కానీ ఆఫీసు పని, టాలీ, పిల్లల పరీక్షల సాఫ్టువేరు అంటూ విండోస్‌కి కట్టుబడినవారి సంగతి కూడా చూడాలి కదా.)

రెండు. మెమొరీ ధర. ప్రపంచంలోని డీర్యామ్‌లో సింహభాగాన్ని తయారుచేసేవి మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ కోసం కట్టే డేటాసెంటర్లు ఆ కంపెనీల ఉత్పత్తిని పీల్చుకోసాగాయి. సామాన్యుడి ర్యామ్ కన్నా ఆ యంత్రాలకి కావలసిన ప్రత్యేక మెమొరీలో లాభం ఎక్కువ. ఫలితంగా 2025 చివరి నెలల్లో అంగట్లో ర్యామ్ ధర రెండింతలు దాటిపోయింది. 2025 డిసెంబరు 3న మైక్రాన్ ఏకంగా తన క్రూషియల్ పేరిట సామాన్య వినియోగదారులకి అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్లు ప్రకటించింది. 2026 ఫిబ్రవరి చివరిదాకా సరుకు పంపి, ఆపైన చాలిస్తామన్నది. డీడీఆర్‌4 తయారీని తగ్గిస్తున్నట్లు వార్తలు రాగానే దాని ధర కూడా ఎగబాకింది. నిన్నటిదాకా "దీనికేమొస్తుంది సార్" అనిపించుకొన్న ముక్కకి ఈనాడు గిరాకీ.

ఇటువంటి సమయంలో మన మధ్యతరగతి గృహస్థుని చేత, ఇంట్లో పనిచేస్తూ ఉన్న 16 గిగాబైట్ల మెమొరీని వదిలించి, మళ్ళీ అంతే మెమొరీని కొనిపించడమంటే దాన్ని సలహా అనాలో, ఇంకేమనాలో చదువరులే నిర్ణయించండి.

ఈమధ్య మా మేనల్లుడి కంప్యూటరు విషయంలో నా అనుభవమొకటి చెబుతాను. ఆరో తరం ప్రాసెసరు, రెండు ఎనిమిది గిగాబైట్ల డీడీఆర్‌4 ముక్కలు. ప్రాసెసరు, బోర్డు మారిస్తే చాలునని తేల్చుకొని ఒక దుకాణానికి వెళ్ళాం. పేరు అనవసరం. అక్కడి కుర్రవాడు ముక్కల్ని చేతిలోకి తీసుకొని తిప్పి చూసి, "ఇవి ఓల్డ్ జనరేషన్ సార్. కొత్త బోర్డులకి పట్టవు. ఎక్స్ఛేంజిలో వేసెయ్యండి" అన్నాడు. "డీడీఆర్‌4 బోర్డు ఇవ్వు బాబూ" అన్నాను. "అవి రావట్లేదు సార్, బంద్ అయిపోయాయి" అన్నాడు. అతని తల వెనక అరలోనే పన్నెండో తరానికి సరిపోయే బోర్డు పెట్టె ఒకటి ఉన్నది. దాని మీద డీడీఆర్‌4 అని అంగుళమంత అక్షరాలున్నాయి. అదేమిటని అడిగాను. "అది వేరే పార్టీకి తీసిపెట్టాం" అన్నాడు. మావాడు నా చెయ్యి గిల్లి "పోదాం పద మామయ్యా" అన్నాడు. నాలుగు దుకాణాల అవతల అటువంటి బోర్డే దొరికింది. ఆ రెండు ముక్కలూ ఈనాటికీ అందులో పనిచేస్తున్నాయి.

ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. ఏం అమ్మాలో వాడికి పైవాడు చెబుతాడు. నా అభ్యంతరమల్లా ఒక్కటే. "మా దగ్గర లేదు" అని చెప్పవలసిన చోట "లోకంలోనే లేదు" అని చెప్పడం. "నాకు లాభం లేదు" అనవలసిన చోట "మీకు పనికిరాదు" అనడం.

*

దుకాణాల సంగతి ఇలా ఉంటే, పైనున్న పెద్దల సంగతేమిటి? "సాంకేతికంగా అసాధ్యం" అన్న మాటని వారు ఎంత ఉదారంగా వాడతారో చూపడానికి మూడు ఉదాహరణలు చాలు.

1999, 2000 సంవత్సరాల్లో ఇంటెల్ సంస్థ రాంబస్ మెమొరీని జనం నెత్తిన పెట్టజూసింది. పెంటియమ్ 4తో మొదట వచ్చిన చిప్‌సెట్టుకి ఆ ఖరీదైన మెమొరీ తప్ప వేరొకటి పనికిరాదు. స్లాటు ఖాళీగా ఉంచడానికి కూడా వీల్లేదు. ఖాళీ స్లాటులో సైతం ఒక ఉత్త పలక దూర్చాలి. జనం కొనలేదు. 2001లో అదే ఇంటెల్ దిగివచ్చి, అందరి దగ్గరా ఉన్న మామూలు ఎస్‌డీర్యామ్‌తో పనిచేసే 845 చిప్‌సెట్టుని తెచ్చింది. నిన్న కుదరనిది ఇవాళ ఎలా కుదిరింది? జనం జేబులో చెయ్యి పెట్టకపోవడం వల్ల కుదిరింది.

2017లో ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్లు వచ్చాయి. సాకెట్టు కొలతలు అంతకుముందువే. అయినా పాత బోర్డులు పనికిరావన్నారు. విద్యుత్తు సరఫరా కోసం పిన్నుల అమరిక మార్చామన్నారు. కొందరు ఔత్సాహికులు బయోసుని సవరించి, ఆ ప్రాసెసర్లలో కొన్నిటిని పాత బోర్డుల మీదనే నడిపి చూపించారు. అందరూ చెయ్యదగిన పనని నేననను. కానీ "అసాధ్యం" అన్న మాటకి అర్థం మాత్రం తేటతెల్లమయింది.

2020 మేలో ఏఎండీ వంతు. రాబోయే రైజెన్ ప్రాసెసర్లు 500 శ్రేణి బోర్డుల మీదనే నడుస్తాయని ప్రకటించింది. బయోసు చిప్పులో చోటు చాలదన్నది. కొన్నవాళ్ళు గగ్గోలు పెట్టారు. అదే నెలలో ఏఎండీ మనసు మార్చుకొని 400 శ్రేణికి కూడా అవకాశమిచ్చింది. 2022కి వచ్చేసరికి, 2017 నాటి 300 శ్రేణి బోర్డులకి సైతం అధికారికంగా దారి తెరిచింది. ఫలితం చూడండి: 2017లో మొదటి తరం రైజెన్ కొన్నవాడికి విండోస్ 11 వర్తించదు. కానీ బయోసు నవీకరించి, రైజెన్ 5000 శ్రేణి ప్రాసెసరు ఒక్కటి మార్చుకొంటే, బోర్డు అదే, మెమొరీ అదే, యంత్రం కొత్తది. ఇది ఎవరో దయతలచి ఇచ్చిన వరం కాదు. నోరు తెరిచి అడిగినందువల్ల దక్కిన హక్కు.

*

నా వాదానికి ఎదురు రాగల పూర్వపక్షాలు నాకు తెలియనివి కావు. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి పూర్వపక్షం: పాత మెమొరీ నెమ్మది. కొత్త ప్రాసెసరుని అది వెనక్కి లాగుతుంది.

కొంతవరకు నిజం. ముఖ్యంగా రైజెన్ ప్రాసెసర్ల అంతర్గత వేగం మెమొరీ వేగంతో ముడిపడి ఉంటుంది. విడిగా గ్రాఫిక్సు కార్డు లేని యంత్రాల్లో ఆటలు ఆడేవారికి కూడా తేడా కనబడుతుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్సు ఇదే మెమొరీని వాడుకొంటుంది. కానీ మనలో ఎందరు ఆ పని చేస్తున్నారు? ఉత్తరాలు, లెక్కలు, విహరిణిలో ఇరవై కిటికీలు, తెలుగులో నాలుగు పేజీల వ్యాసం: ఇంతే కదా! వీటికి మెమొరీ ఎంత వేగంగా ఉన్నదనేదాని కంటే ఎంత ఉన్నదనేది ముఖ్యం. చాలకపోతే యంత్రం డిస్కు మీద పడి దేవులాడుతుంది. డిస్కు ఎంత వేగవంతమైనదైనా ర్యామ్ ముందు నత్తే. ధరకి జడిసి 8 గిగాబైట్ల కొత్త డీడీఆర్‌5తో సరిపెట్టుకొన్నవాడికంటే 16 గిగాబైట్ల పాత డీడీఆర్‌4 ఉంచుకొన్నవాడు సుఖపడతాడు. విండోస్ ఎక్స్‌పీకి 128 మెగాబైట్లు ఉంటే మేలని మైక్రోసాఫ్టు చెప్పిన రోజుల్లో, అందులో తెలుగు కనబడేలా చేసుకోవడానికి తంటాలు పడి, ఆ యంత్రాల మీదనే తెలుగు సాహిత్యాన్ని జాలంలోకి ఎక్కించినవాళ్ళం మనం. వేగం గురించి మనకి ఒకరు పాఠం చెప్పాలా?

పైగా ఇంకొక సంగతి. 3200 వేగం రాసి ఉన్న చాలా ముక్కలు బయోసులో ఎక్స్‌ఎంపీ అనే అమరికని చేతనం చేసేదాకా 2133 లేదా 2400 దగ్గరే నడుస్తూ ఉంటాయి. ఏళ్ళ తరబడి తమ మెమొరీని సగం నిద్రలో ఉంచి, "నెమ్మదిగా ఉంది" అని దాన్నే తిట్టుకొనేవాళ్ళున్నారు. పారవేసే ముందు లేపి చూడండి.

రెండో పూర్వపక్షం: పాత మెమొరీ చెడిపోతుంది. నమ్మకూడదు.

ర్యామ్‌లో కదిలే భాగాలు లేవు. అది పంకాలా అరిగేది కాదు. సాలిడ్‌స్టేట్ డిస్కుకి ఉన్నట్లుగా ఇన్నిసార్లే రాయాలన్న లెక్క దానికి లేదు. అందులోని ప్రతి బిట్టూ ఒక సూక్ష్మమైన కెపాసిటరులోని విద్యుదావేశం. అది కారిపోతూ ఉంటుంది కనుక సుమారు 64 మిల్లీసెకన్లకొకసారి దాన్ని మళ్ళీ నింపుతూ ఉంటారు. అంటే నిరంతరం మరిచిపోతూ, నిరంతరం గుర్తుచేసుకొంటూ ఉండడమే దాని వృత్తి. అరుగుదల భయం లేదు కాబట్టే చాలా కంపెనీలు తమ ర్యామ్‌కి జీవితకాలపు హామీ ఇస్తాయి. తయారుచేసినవాడికే లేని భయం అమ్మేవాడికి ఎందుకో!

అయినా నేను ఎదుటి పక్షపు సాక్ష్యాన్ని దాచను. గూగుల్ తన సర్వర్లలోని మెమొరీ మీద జరిపించిన పరిశీలన 2009లో ప్రచురితమైంది. ఏడాదిలో ఒక్కసారైనా, సవరించదగినదైనా సరే, తప్పు చూపించిన ముక్కలు 8 శాతం పైచిలుకని, వయస్సుతోపాటు తప్పులు పెరుగుతాయని అందులో తేలింది. దీన్నుంచి తీసుకోవలసిన పాఠం "పాతదాన్ని పారెయ్యి" అని కాదు. "పరీక్షించి వాడు" అని. కొత్తదాన్ని కూడా పరీక్షించే వాడాలి. మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత పరీక్ష ఉన్నది. పెన్‌డ్రైవులో ఎక్కించి రాత్రి పడుకోబోయే ముందు పెట్టండి. తెల్లవారేసరికి ఒక్క తప్పు కూడా చూపకపోతే ఆ ముక్క వయస్సు గురించి ఎవరి ఉపన్యాసమూ వినక్కరలేదు. ఒక్క తప్పు చూపినా దాన్ని వాడకండి. పిన్నులు మసకబారి, స్లాటులో సరిగా ఆనక, "చచ్చిపోయింది" అనిపించుకొన్న ముక్కల్ని పెన్సిలు రబ్బరుతో సున్నితంగా రుద్ది బ్రతికించిన మెకానిక్కులు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వారిని ఏ విశ్వవిద్యాలయమూ గుర్తించలేదు గానీ, ఈ దేశంలో వేలాది కంప్యూటర్ల ఆయుష్షు వారు పోసిందే.

మూడో పూర్వపక్షం: డీడీఆర్‌4 బోర్డు కొంటే భవిష్యత్తు లేదు. రేపు ఇరుక్కుంటారు.

ఇది నిజంగా ఆలోచించవలసిన మాట. ఏఎండీ 2022లో తెచ్చిన ఏఎం5 వేదిక కేవలం డీడీఆర్‌5కే. ఇంటెల్ 2024 అక్టోబరులో తెచ్చిన కోర్ అల్ట్రా 200 శ్రేణి డెస్కుటాపు ప్రాసెసర్లూ అంతే. కనుక ఇవాళ డీడీఆర్‌4 బోర్డు కొన్నవాడు ఆ దారిలో ముందుకి పోలేడు. ఒప్పుకొంటాను. కానీ పదేళ్ళుగా ఒకే యంత్రం మీద నెట్టుకొచ్చిన మనిషి ఇంకో రెండేళ్ళకే మళ్ళీ ప్రాసెసరు మారుస్తాడా? మారుస్తాడనుకొని ఇవాళే డబ్బు పొయ్యడమెందుకు? రేపటి మెమొరీని ఇవాళ్టి ఆకాశాన్నంటిన ధరకి కొని దాచుకోవడం దూరదృష్టి అనిపించుకోదు. రేపు మార్చవలసి వచ్చిననాడు ఆనాటి ధరకి కొంటాం. అప్పటిదాకా మన డబ్బు మన దగ్గరుంటుంది. వృత్తిరీత్యా వీడియో కూర్పులు చేసేవారూ, ఏటేటా యంత్రాన్ని మార్చేవారూ డీడీఆర్‌5కి వెళ్ళడం సబబే. వారికి నేను అడ్డు చెప్పడం లేదు. వారి అవసరాన్ని అందరి నెత్తినా రుద్దవద్దంటున్నాను.

నాలుగో పూర్వపక్షం: ఎక్స్ఛేంజిలో ఇచ్చినా, రీసైక్లింగుకి ఇచ్చినా వృథా పోదు కదా?

పర్యావరణం పేరు చెప్పి మనస్సాక్షికి జోల పాడే మాట ఇది. 2002లో ఎరిక్ విలియమ్స్ బృందం ఒక అధ్యయనం వెలువరించింది. 32 మెగాబైట్ల మెమొరీ చిప్పు ఒకదాని బరువు 2 గ్రాములు. దాని తయారీకీ, వాడకానికీ కలిపి సుమారు 1600 గ్రాముల శిలాజ ఇంధనం, 72 గ్రాముల రసాయనాలు, 32 కిలోల నీరు ఖర్చవుతాయని వారు లెక్కకట్టారు. ఆనాటినుంచి తయారీ పద్ధతులు మారాయి కనుక ఈ అంకెల్ని ఇవాళ్టి చిప్పుకి యథాతథంగా అన్వయించకూడదు. కానీ తత్త్వం మారలేదు. మెమొరీ చిప్పు విలువ దానిలోని రాగిలోనో, దాని అంచునున్న బంగారపు పూతలోనో లేదు. అంత శుద్ధి చేసిన సిలికాను మీద అంత సూక్ష్మంగా చెక్కిన పనిలో ఉన్నది. రీసైక్లింగులో తిరిగి వచ్చేది కాసింత లోహం మాత్రమే. ఆ పనితనం, ఆ ఇంధనం, ఆ నీరు తిరిగి రావు. అచ్చువేసిన పుస్తకాన్ని కాగితపు గుజ్జు చేసి "పుస్తకం వృథా పోలేదు" అనడం లాంటిదే ఇది. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచం పోగుచేసిన విద్యుత్ వ్యర్థం 6.2 కోట్ల టన్నులు. అందులో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్లు దాఖలా ఉన్నది 22.3 శాతమే. మిగిలినదాంట్లో ఎంత భాగం ఏ పేదవాడి ఊపిరితిత్తుల్లోకి పొగగా పోయిందో ఎవరికెరుక?

*

ఇక ఆచరణలో చెయ్యవలసింది క్లుప్తంగా.

1. ముందు మీ దగ్గరున్నదేమిటో తెలుసుకోండి. ముక్క మీది చీటీలో తరం, సామర్థ్యం, వేగం రాసి ఉంటాయి. చీటీ చిరిగిపోతే సామర్థ్యం, వేగం విండోస్‌లోని టాస్క్ మేనేజరు చెబుతుంది. ఆరో తరం యంత్రమైతే డీడీఆర్‌3ఎల్ కూడా కావచ్చు కనుక ఊహించుకోవద్దు. ల్యాప్‌టాపు ముక్క కురచగా ఉంటుంది, మామూలు డెస్కుటాపు బోర్డుకి పట్టదు.

2. ప్రాసెసరుని ఎంచుకొన్నాక బోర్డుని మెమొరీని బట్టి ఎంచుకోండి. తయారీదారు సైటులో ఆ బోర్డు పూర్తి పేరు వెతికి, ఏ తరం మెమొరీయో చూడండి. పేరులో ఒక్క అక్షరం తేడాతో తరం మారిపోతుంది.

3. రెండు ముక్కలుంటే ఒకే జతగా పెట్టండి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసరు వైపు నుంచి రెండోదీ, నాలుగోదీ. వేర్వేరు వేగాలున్న ముక్కలు కలిపితే అన్నీ అతి నెమ్మదిదాని వేగంతో నడుస్తాయి. నడవకపోయే ప్రమాదమూ కొద్దిగా ఉన్నది కనుక కలిపాక తప్పక పరీక్షించండి.

4. చవకగా వస్తున్నదని సర్వర్లనుంచి ఊడదీసిన రిజిస్టర్డ్ మెమొరీని కొనకండి. డీడీఆర్‌4లో అది స్లాటులో పడుతుంది, గాటు కూడా కలుస్తుంది, కానీ మామూలు డెస్కుటాపు బోర్డు దానితో లేవదు.

5. నిజంగానే పాత మెమొరీని మార్చవలసి వస్తే, పారెయ్యకండి. అదే తరం యంత్రమున్న బంధువుకో, పక్కింటి విద్యార్థికో, ఊరి బడికో ఇవ్వండి. 4 గిగాబైట్లతో ఈడుస్తున్న బడి కంప్యూటరుకి మరో 4 గిగాబైట్లు కలిస్తే ఆ పిల్లల పాలిట అదే కొత్త యంత్రం.

ఇంతకీ ఇది ర్యామ్ గొడవ మాత్రమే కాదు. ఒక వస్తువు పనికివస్తుందో లేదో తేల్చే అధికారం ఎవరిది అనేది అసలు ప్రశ్న. "పాత" అన్న మాటని "పనికిరాని" అన్న మాటకి పర్యాయపదంగా మన చేత ఒప్పించగలిగితే, ఇక వారు దేన్నయినా మన చేత పారవేయించగలరు, దేన్నయినా మన చేత కొనిపించగలరు. ఇవాళ మెమొరీ, రేపు తెర, ఎల్లుండి ఇంకొకటి. పాతబడడం కాలధర్మం. పనికిరాకపోవడం పరీక్షించి తేల్చవలసిన విషయం. ఈ రెంటినీ ఒకటి చెయ్యడం భాషాదోషమే కాదు, ఆర్థిక నేరం కూడానని నేను భావిస్తున్నాను.

అందుచేత మిత్రులకి నా మనవి. మీరో, మీ పిల్లలో బోర్డు మార్చడానికి వెళ్ళినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "నా దగ్గరున్న ర్యామ్‌కి సరిపోయే బోర్డు ఏది?" "ఈ ర్యామ్ కొత్త బోర్డుకి పడుతుందా?" అని అడిగితే "పట్టదు" అనే అంటారు. ప్రశ్నని తిరగెయ్యండి. జవాబు దానంతటదే తిరగబడుతుంది. జవాబు చెప్పలేని దుకాణం మెట్లు దిగి, పక్క దుకాణం మెట్లు ఎక్కండి.